యువ కార్యకర్తలకు డిజిటల్ ప్రచార శిక్షణ: ఐదు మార్గాల్లో ఏది ఎవరికి సరిపోతుంది?

తమ యువ కార్యకర్తలకు డిజిటల్ మాధ్యమాల వాడకంలో శిక్షణ ఇప్పించాలనుకునే సంస్థలు, విద్యార్థి బృందాలు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: రెండు రోజుల వర్క్‌షాప్ పెడితే సరిపోతుందా, లేక ఆన్‌లైన్ కోర్సు ఏదైనా చేయిస్తే మేలా? అడగవలసిన ప్రశ్నే గానీ, అది సగమే. శిక్షణ ముగిసిన మరుసటి సోమవారం ఆ యువతీయువకులు ఏ పనికి దిగబోతున్నారు, ఆ పని వల్ల వాళ్లకు ఏయే చిక్కులు ఎదురుకావచ్చు అన్నది తేల్చుకోకుండా పద్ధతిని ఎంచుకుంటే, శిక్షణ బాగానే జరిగిందని అందరూ అంటారు, మూడు నెలల తర్వాత చూస్తే ఒక్క ప్రచారమూ నడిచి ఉండదు. ఇలాంటి శిక్షణలు నడిపిన అనుభవంతో నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, చేతిలో నిజమైన ప్రచారం ఉన్నవాళ్లకు ఏ పద్ధతైనా ఎంతో కొంత పనికొస్తుంది, లేనివాళ్లకు ఎంత ఖరీదైన పద్ధతైనా అంతగా అంటదు. ఆ మాట చెప్పి వదిలేస్తే ఎంపికకు సాయం చేసినట్టు కాదు కాబట్టి, ముందు ప్రమాణాలను, తర్వాత ఒక్కొక్క పద్ధతిని చూద్దాం.

## ముందుగా తేల్చుకోవలసిన ప్రమాణాలు

డిమాండ్‌కు పదును పెడుతుందా? అడ్వకసీ అంటే నిర్ణయం తీసుకోగల వ్యక్తిని లేదా సంస్థను ఒక నిర్దిష్టమైన పని చేయమని కోరడం. ఈ చిన్న విషయమే శిక్షణల్లో అన్నిటికన్నా ఎక్కువగా జారిపోతుంది. ఒక శిక్షణలో మొదటి రోజు ఉదయం నలుగురు యువకులు ఫోన్‌లో తయారుచేసిన పోస్టర్ చూపించారు. నీలం నేపథ్యం మీద నీటి చుక్కను పట్టుకున్న రెండు చేతులు, పైన "స్వచ్ఛమైన నీరు మనందరి హక్కు" అన్న వాక్యం. రంగులు కుదిరాయి, అక్షరాలు చిన్న తెర మీద కూడా చదవడానికి వీలుగా ఉన్నాయి. దీన్ని చూసినవాళ్లు ఏం చేయాలని అడిగితే ఒకరు "షేర్ చేయాలి" అన్నారు, మరొకరు "అవగాహన పెరగాలి" అన్నారు. నీటి సంగతి ఎవరి చేతిలో ఉందో, ఆ వ్యక్తి హోదా ఏమిటో నలుగురిలో ఎవరికీ తెలియదు. సాయంత్రానికి అదే పోస్టర్ మీద వాక్యం ఇలా మారింది: "మా కళాశాల కుళాయి నీటి పరీక్ష ఫలితాలను ఈ నెలాఖరులోగా నోటీసు బోర్డులో పెట్టాలని ప్రిన్సిపాల్‌ను కోరుతున్నాం. మీరూ కోరండి." చేతుల బొమ్మ పోయి, దాని స్థానంలో తుప్పు పట్టిన కుళాయి ఫొటో వచ్చింది. పోస్టర్ అందం కాస్త తగ్గిన మాట నిజమే గానీ, ప్రచారం మొదలైంది ఆ సాయంత్రమే.

పెద్ద ప్రచారాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. భారతదేశంలో 2015లో నెట్ న్యూట్రాలిటీ (ఇంటర్నెట్‌లోని అన్ని సైట్లనూ సేవలనూ సమానంగా చూడాలన్న సూత్రం) మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సంప్రదింపు పత్రం విడుదల చేసి 20 ప్రశ్నలు అడిగింది. స్వచ్ఛంద కార్యకర్తలు ఆ ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసి, వాటిని ఎవరైనా నేరుగా ట్రాయ్‌కే ఈమెయిల్ చేసే ఏర్పాటు చేశారు. 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి, 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటా ధరల్లో వివక్షను నిషేధించింది. ఎవరిని అడగాలో, ఏం అడగాలో, ఎప్పటిలోగా అడగాలో మూడూ అక్కడ స్పష్టంగా ఉన్నాయి. దీనికి పక్కన, ఉగాండాకు చెందిన తిరుగుబాటు నేత జోసెఫ్ కోనీని పట్టుకోవాలంటూ 2012 మార్చి 5న విడుదలైన కోనీ 2012 వీడియోను పెట్టి చూడండి. సుమారు అరగంట నిడివి ఉన్న ఆ వీడియోకు ఆరు రోజుల్లో 10 కోట్ల వీక్షణలు వచ్చాయి, అయితే ఏప్రిల్ 20 రాత్రి వీధుల్లోకి వచ్చి పోస్టర్లు అంటించమన్న పిలుపుకు చాలా నగరాల్లో వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. కాబట్టి ఏ శిక్షణనైనా తూచేటప్పుడు, అది వీక్షణలు పెంచడం నేర్పుతుందా, అడగడం నేర్పుతుందా అని చూడాలి.

ప్రమాదాన్ని ఎప్పుడు, ఎలా చర్చిస్తుంది? భద్రత గురించి చివరి రోజు మధ్యాహ్న భోజనం తర్వాత ఒక గంట కేటాయించే శిక్షణలు చాలానే ఉన్నాయి. అప్పటికే అందరూ ఫొటోలు తీసి పోస్ట్ చేసి ఉంటారు. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైలులో తేదీ, సమయం, లొకేషన్ వంటి వివరాలు నమోదై ఉండవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు తొలగిపోతాయి, అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నవి ఉన్నట్టు వెళతాయి. ఫిర్యాదుకు సాక్ష్యంగా వాడాలనుకుంటే ఆ వివరాలు భద్రంగా ఉండాలి, ఫొటో తీసినవాళ్లను కాపాడాలనుకుంటే అవి పోవాలి. ఒకే ఫొటో విషయంలో ఈ రెండూ ఒకేసారి కావలసి రావచ్చు. అసలు ఫైలును కదిలించకుండా ఒకచోట దాచి, బయటికి పంపడానికి వేరే ప్రతి తయారుచేసుకోవడం దీనికి మార్గం. ఇంత సూక్ష్మంగా మాట్లాడని భద్రతా పాఠం "బలమైన పాస్‌వర్డ్ పెట్టుకోండి" దగ్గరే ఆగిపోతుంది.

సందేశాల యాప్‌ల సంగతీ ఇంతే. సిగ్నల్‌లో, వాట్సాప్‌లో వ్యక్తిగత సంభాషణలకూ గ్రూపులకూ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఏర్పాటు) ఉంటుంది. టెలిగ్రామ్‌లో అది ఇద్దరి మధ్య జరిగే రహస్య సంభాషణలకే పరిమితం, గ్రూపులకు లేదు. అయితే టెలిగ్రామ్ గ్రూపులో 2 లక్షల మంది వరకు చేరవచ్చు. ప్రకటనలు అందరికీ చేరవేయడానికి అది అనువైనది, లోపలి చర్చలకు కాదు. ఈ రెండు అవసరాలను విడదీసి చెప్పగలిగే శిక్షకులు మీకు కావాలి.

ఎవరి గొంతు వినిపిస్తుంది? 1992లో యూనిసెఫ్ కోసం రోజర్ హార్ట్ పిల్లల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వివరించాడు. అడుగున ఉన్న మూడు మెట్లు, అంటే పిల్లలను వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం కూర్చోబెట్టడం, అసలు భాగస్వామ్యం కిందికే రావని ఆయన లెక్క. సంస్థ రాసిన వాక్యాలను యువత ముఖంతో రీల్‌గా చేయించే శిక్షణ ఆ అడుగు మెట్ల మీదే ఉన్నట్టు. ఏ విషయం మీద ప్రచారం చేయాలో, ఏది పోస్ట్ చేయకూడదో నిర్ణయించే అధికారం యువతకు ఎంతవరకు ఉంటుందో ముందే మాట్లాడుకోవాలి. కొన్ని సంస్థలకు ఈ ప్రశ్న ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగక తప్పదు.

చేతిలో ఉన్న పరికరాలకు సరిపోతుందా? ల్యాప్‌టాప్ మీద వీడియో ఎడిటింగ్ నేర్పి, ఇంటికి వెళ్లాక ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లను ప్రచారం చేయమనడం వృథా ప్రయాస. డేటా అంతగా అందుబాటులో లేనివాళ్లను చేరాలంటే ఎస్ఎంఎస్ కూడా లెక్కలోకి రావాలి. రోమన్ లిపిలో 160 అక్షరాలు పట్టే ఒక ఎస్ఎంఎస్‌లో తెలుగు వంటి లిపులకు 70 మాత్రమే దక్కుతాయి, అందులోనూ గుణింతపు గుర్తులు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. ఆ పరిధిలో డిమాండ్ రాయించే అభ్యాసం నాకు తెలిసిన మంచి అభ్యాసాల్లో ఒకటి.

శిక్షణ తర్వాత ఏం మిగులుతుంది? ధ్రువపత్రాల సంగతి పక్కన పెడితే, మిగలవలసినవి మూడు: నడుస్తున్న ప్రచారం, ఒకరికొకరు తెలిసిన బృందం, బృందం ఆధీనంలో ఉన్న ఖాతాలు. మూడోదాన్ని అందరూ మరచిపోతారు. ఈజిప్టులో పోలీసుల దెబ్బలకు చనిపోయిన ఒక యువకుడి పేరిట 2010లో మొదలైన "మనమందరం ఖాలిద్ సయీద్" ఫేస్‌బుక్ పేజీని అదే ఏడాది నవంబరులో, ఎన్నికల ముంగిట, ఫేస్‌బుక్ తొలగించింది. నిర్వాహకులు అసలు పేర్లతో లేకపోవడం కారణం. విదేశంలో ఉన్న ఒక మహిళ తన సొంత పేరుతో అడ్మిన్‌గా ఉండడానికి ఒప్పుకున్నాకే పేజీ తిరిగి వచ్చింది. అంత పెద్ద సందర్భం కాకపోయినా, ఉన్న ఒక్క అడ్మిన్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోవడంతో వేలమంది అనుసరించే పేజీ ఎవరికీ అందకుండా పోయిన బృందాన్ని నేను దగ్గరనుంచి చూశాను. పాస్‌వర్డ్ మార్చుకునే సందేశం వెళ్లే నంబరు కూడా ఆ వ్యక్తిదే.

## ఐదు పద్ధతులు ఒక్క చూపులో

| పద్ధతి | పట్టే కాలం | బాగా నేర్పేది | బలహీనత | తర్వాత మిగిలేది |
|---|---|---|---|---|
| ముఖాముఖి వర్క్‌షాప్ | 2–3 రోజులు | నమ్మకం, భద్రతా ఏర్పాట్లు | తక్కువ కాలంలో ఎక్కువ విషయం | బృందం, ప్రచార చిత్తుప్రతి |
| స్వయంగా చేసుకునే కోర్సు | ఎవరి వీలు వారిది | పరికరాల పరిజ్ఞానం | మధ్యలో వదిలేయడం | వ్యక్తిగత నైపుణ్యం |
| వారం వారం ఆన్‌లైన్ తరగతులు | 6–8 వారాలు | కథనం, రాత, సవరణ | నెట్, హాజరు, గోప్యత | సవరించిన పోస్టులు, వీడియోలు |
| మార్గదర్శితో నిజ ప్రచారం | 3–4 నెలలు | డిమాండ్, నిర్ణయం, కొలత | తప్పులు బహిరంగంగా జరగడం | ప్రచారం, అనుభవం |
| శిక్షకులకు శిక్షణ | 5 రోజులు, ఆపై పర్యవేక్షణ | విస్తరణ | కింది అంచెలో పలచబడడం | స్థానిక శిక్షకులు |

పట్టికలోని కాలపరిమితులు నేను సబబని భావించేవి. అంతకన్నా తక్కువ కాలంలో ముగిస్తామనే ప్రతిపాదన వస్తే, ఏం వదిలేస్తున్నారో అడగండి.

## ముఖాముఖి వర్క్‌షాప్

ఒకే గదిలో కూర్చోవడం వల్ల కలిగే లాభాన్ని తక్కువ అంచనా వేయకూడదు. ఆన్‌లైన్ వేధింపులు, ఇంట్లో వచ్చే అభ్యంతరాలు, ఫోన్‌ను ఇంకొకరు తెరిచి చూస్తారన్న భయం వంటివి తెర మీద ఎవరూ చెప్పరు, టీ విరామంలో చెబుతారు. భద్రతా ఏర్పాట్లు కూడా పక్కన ఒకరు కూర్చుని చేయిస్తేనే పూర్తవుతాయి. మొదటి గంటలోనే అందరి చేత ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టించి, ఎస్ఎంఎస్ కోడ్‌కు బదులు ధ్రువీకరణ యాప్ వాడించి, బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాయించగలిగితే, మిగతా రెండు రోజులు ఎలా గడిచినా ఆ గంట వృథా కాదు.

చిక్కు ఎక్కడంటే, నిర్వాహకులకు రెండు రోజుల్లో అన్నీ నేర్పేయాలన్న ఆశ ఉంటుంది. కార్యక్రమ పట్టికలో తొమ్మిది యాప్‌ల పేర్లు కనిపిస్తే ఆ వర్క్‌షాప్‌లో దేనికీ అభ్యాసం ఉండదని అనుకోవచ్చు. నేనైతే వర్క్‌షాప్‌కు మూడే ఫలితాలు పెడతాను: ఒక వాక్యంలో డిమాండ్, ఆ డిమాండ్‌ను ఎవరు తీర్చగలరో, ఎవరి మాట వాళ్లు వింటారో చూపే పటం, మొదటి రెండు వారాల ప్రణాళిక. వీడియో ఎడిటింగ్‌ను ఇందులో ఇరికించడం నాకు ఇష్టం ఉండదు. దాన్ని వాళ్లు యూట్యూబ్ చూసి నేర్చుకుంటారు, చాలాసార్లు శిక్షకుల కన్నా బాగా నేర్చుకుంటారు.

## స్వయంగా చేసుకునే ఆన్‌లైన్ కోర్సు

ఉచితంగా, నాణ్యంగా దొరికే సామగ్రికి కొదవ లేదు. డిజిటల్ భద్రత మీద ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తయారుచేసిన సర్వైలెన్స్ సెల్ఫ్-డిఫెన్స్, ఫ్రంట్ లైన్ డిఫెండర్స్ నిర్వహించే సెక్యూరిటీ ఇన్ ఎ బాక్స్ ఏళ్ల తరబడి సవరణలు పొందుతూ వస్తున్నవే. శిక్షణకు వెళ్లినట్టు ఎవరికీ తెలియకూడని పరిస్థితిలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా తగిన మార్గం లేదు.

అయినా దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పలేను. హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాల ఉచిత ఆన్‌లైన్ కోర్సుల లెక్కలను 2019లో పరిశోధకులు ప్రచురించినప్పుడు, నమోదు చేసుకున్నవాళ్లలో సగానికి పైగా కోర్సులోకి అడుగైనా పెట్టలేదని తేలింది. పూర్తి చేసినవాళ్లు 2017–18లో నూటికి ముగ్గురు. అంతకన్నా పెద్ద లోటు ఏమిటంటే, మీ డిమాండ్ మొద్దుగా ఉందని కోర్సు చెప్పలేదు. ముందస్తు చదువుగానో, అవసరమైనప్పుడు తెరిచి చూసుకునే పుస్తకంగానో వాడుకోవడం మంచిది.

## వారం వారం ఆన్‌లైన్ తరగతులు

పన్నెండు నుంచి పదిహేను మంది, వారానికి ఒకసారి గంటన్నర, మధ్యలో ఒక చిన్న పని. దీని బలమంతా తరగతికీ తరగతికీ మధ్య ఉన్న ఆ ఆరు రోజుల్లో ఉంది. రాసినదాన్ని నిజంగా పోస్ట్ చేసి, వచ్చిన స్పందన తీసుకుని తరగతికి వస్తారు. కథనం నేర్పడానికి ఈ పద్ధతి బాగా కుదురుతుంది. అమెరికాలో 1960లలో వ్యవసాయ కార్మికుల సంఘంలో పనిచేసి, తర్వాత హార్వర్డ్‌లో అధ్యాపకుడైన మార్షల్ గాంజ్ ప్రచార కథనాన్ని నా కథ, మన కథ, ఈ క్షణపు కథ అని మూడు భాగాలుగా నేర్పుతాడు. యువకులు మొదటి భాగాన్ని సులువుగానే రాస్తారు, రెండోది నినాదమైపోతుంది, మూడోది మరచిపోతారు. వారానికొక భాగం చొప్పున రాయించి, మళ్లీ మళ్లీ దిద్దిస్తేనే అది దారికి వస్తుంది, రెండు రోజుల్లో ఆ తీరిక దొరకదు.

హాజరు విషయంలో ముందే కళ్లు తెరిచి ఉండాలి. ఇంట్లో ఒకే ఫోన్‌ను పంచుకునేవాళ్లు, ఆ ఫోన్ సాయంత్రం మాత్రమే చేతికి వచ్చేవాళ్లు, అందులో ఎక్కువగా అమ్మాయిలు, మూడో వారానికి కనిపించకుండా పోతారు. తరగతిని రికార్డు చేసి పంపిద్దామన్న ఉపాయం వెంటనే తోస్తుంది, అయితే పేర్లు, ముఖాలు, వేధింపుల గురించి చెప్పుకున్న మాటలు ఉన్న రికార్డింగ్ ఎక్కడికి చేరుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. దానికి బదులు శిక్షకులే పాఠం భాగాన్ని విడిగా పది నిమిషాల ఆడియోగా చేసి పంపితే డేటా ఆదా అవుతుంది, చర్చ గదిలోనే ఉంటుంది.

## మార్గదర్శితో నిజ ప్రచారంలో నేర్చుకోవడం

నా మొగ్గు ఇటువైపే అని దాచుకోను. ఇందులో పాఠ్యప్రణాళిక అంటూ విడిగా ఉండదు. బృందం ఒక సమస్యను ఎంచుకుని ప్రచారం మొదలుపెడుతుంది, అనుభవం ఉన్న ఒక మార్గదర్శి వారానికి రెండు గంటలు వాళ్లతో కూర్చుంటారు. అవసరం వచ్చినప్పుడు, వచ్చిన మేరకే నైపుణ్యం నేర్పుతారు. ఒక పోస్ట్ మీద బూతుల వాన కురిసిన రాత్రి ట్రోలింగ్ గురించి చెప్పే పాఠం, ఏ స్లైడూ ఇవ్వలేనంత లోతుగా నాటుకుంటుంది. స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోవాలని, జవాబు ఇచ్చేది ఒక్కరే అయి ఉండాలని, దాడికి గురైన వ్యక్తి ఆ రాత్రికి ఫోన్‌ను ఇంకొకరికి అప్పగించాలని ఆ రోజు ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతి విలువను విట్‌నెస్ సంస్థ చరిత్రలో చూడవచ్చు. లాస్ ఏంజెలెస్‌లో 1991లో రోడ్నీ కింగ్‌ను పోలీసులు కొడుతుండగా ఒక పౌరుడు తీసిన వీడియో ప్రపంచమంతా చూసింది. మరుసటి ఏడాది సంగీతకారుడు పీటర్ గాబ్రియేల్ చొరవతో విట్‌నెస్ ఏర్పడింది. హక్కుల కార్యకర్తల చేతికి కెమెరాలు ఇస్తే చాలునన్నది తొలి ఆలోచన. కెమెరాలు వెళ్లాయి గానీ, వచ్చిన దృశ్యాలు అనుకున్నంతగా ఉపయోగపడలేదు. ఎలా తీయాలన్న దానితో పాటు ఎవరికి చూపించడానికి తీస్తున్నామన్నది కూడా నేర్పాలని వాళ్లు గ్రహించి, శిక్షణను ప్రచారంతో ముడిపెట్టారు. న్యాయమూర్తికి చూపించే వీడియోలో కదలకుండా పట్టిన పొడవైన షాట్, తేదీ, స్థలం ముఖ్యం. అదే సంఘటనను వీధిలో నలుగురికి చూపించాలంటే ఒక మనిషి ముఖం, నిమిషం నిడివి కావాలి. ఆ తేడా తరగతి గదిలో చెబితే తల ఊపుతారు, ప్రచారంలో ఒకసారి తప్పు చేస్తే గుర్తుపెట్టుకుంటారు.

కష్టాలు లేకపోలేదు. మొదటిది, తప్పులు అందరి కళ్లెదుటే జరుగుతాయి. అందుకే తొలి ప్రచారానికి గెలిచే అవకాశం ఉన్న చిన్న సమస్యను, ఓడినా ఎవరికీ హాని కలగని సమస్యను ఎంచుకోవాలి. రెండోది, మార్గదర్శి సమయం. నెలకు ఎనిమిది గంటలు కచ్చితంగా ఇవ్వగలిగేవాళ్లు దొరక్కపోతే ఈ మార్గం పేరుకే మిగులుతుంది. మూడోది చెప్పుకోవడానికి కాస్త బాధాకరం: గడువు దగ్గరపడినప్పుడు మార్గదర్శి తానే పోస్టులు రాసేయడం మొదలుపెడతారు. నేనూ ఆ పని చేశాను. ఆ వారం పోస్టులు బాగున్నాయి, బృందం మాత్రం ఒక మెట్టు కిందికి దిగింది. ఆ తర్వాత నాకు నేను పెట్టుకున్న నియమం, సూచనలు నోటితోనే ఇవ్వాలి, కీబోర్డు ముట్టకూడదు.

కొలత విషయానికి వస్తే, లైకుల లెక్కను వారపు సమావేశం నుంచి తీసేసి, ఎంతమంది నిజంగా ఉత్తరం రాశారు, ఆఫీసు నుంచి జవాబు వచ్చిందా, కొత్తగా ఎవరు పనిలోకి వచ్చారు అన్న మూడు ప్రశ్నలు పెట్టుకుంటే చాలు. సందేశం ఎందుకు పాకలేదన్న చర్చ వచ్చినప్పుడు పరికరాల పరిమితులు కూడా తెలిసి ఉండాలి. ఉదాహరణకు, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో కట్టడి చేసింది. ఫార్వర్డ్‌ల మీదే కట్టిన ప్రచారం అక్కడ ఆగిపోతుంది. ఎవరికి వారు సొంత మాటల్లో రాసి పంపేలా ప్రోత్సహిస్తే సాగుతుంది, చదివేవాళ్లకు నమ్మకమూ కలుగుతుంది.

## శిక్షకులకు శిక్షణ

ఇరవై మందికి నేర్పితే వాళ్లు ఒక్కొక్కరు ఇరవై మందికి నేర్పుతారన్న లెక్క నివేదికల్లో ముచ్చటగా కనిపిస్తుంది. ఒక్క ప్రచారమైనా నడపనివాళ్లను శిక్షకులుగా తయారుచేస్తే వాళ్లు స్లైడ్లను మాత్రమే అందించగలరు, రెండో అంచెకు వచ్చేసరికి ఉదాహరణలు ఎగిరిపోయి నిర్వచనాలు మిగులుతాయి. ప్రచారం చేసి గెలిచినవాళ్లను, అంతకన్నా ముఖ్యంగా చేసి ఓడి ఎందుకు ఓడారో చెప్పగలిగినవాళ్లను ఎంచుకుని, తొలి రెండు తరగతులను అనుభవజ్ఞుల పక్కన నిలబడి చెప్పిస్తేనే ఈ పద్ధతి ఫలిస్తుంది. విస్తృతమైన నెట్‌వర్క్ ఉన్న సంస్థలకు రెండో ఏడాది చేయవలసిన పని ఇది. మొదటి ఏడాది దీని జోలికి పోవద్దు.

## ఎవరికి ఏది?

ఒకే చోట ఉండి, చేతిలో నడుస్తున్న సమస్య ఉన్న చిన్న బృందానికి నా సలహా ఒక రోజు వర్క్‌షాప్, ఆపై మూడు నెలల మార్గదర్శకత్వం. ఉన్న నిధుల్లో పెద్ద భాగం మార్గదర్శి సమయానికి పోవాలి, హాలు అద్దెకు కాదు. పలుచోట్ల చెదిరి ఉన్న బృందాలైతే వారం వారం తరగతులు నడపవచ్చు, అయితే మొదటి పరిచయం మాత్రం ముఖాముఖిగా జరిగేలా చూడండి. ఒకసారి కలిసి భోంచేసినవాళ్లు తెర మీద ఒకరి రాతను ఒకరు మొహమాటం లేకుండా దిద్దుతారు.

పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు ఉంటే లెక్కలు మారతాయి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 13వ అధికరణ పిల్లలకు భావప్రకటన హక్కును, 16వ అధికరణ గోప్యత హక్కును ఇచ్చాయి. ఈ హక్కులు డిజిటల్ ప్రపంచంలోనూ వర్తిస్తాయని బాలల హక్కుల కమిటీ 2021లో ఇచ్చిన 25వ సాధారణ వ్యాఖ్య వివరిస్తుంది. ఒకదాని పేరు చెప్పి ఇంకొకదాన్ని మింగేయడం పెద్దలకు అలవాటు. పిల్లలను ప్రచారానికి దూరంగా ఉంచడమూ సరికాదు, వాళ్ల ముఖాలతో ప్రచారాన్ని నడపడమూ సరికాదు. తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల సొంత సమ్మతిని విడిగా తీసుకోండి. పోస్టులు వాళ్ల వ్యక్తిగత ఖాతాల నుంచి కాకుండా బృందం ఖాతా నుంచి వెళ్లాలి. ఈ రోజు ఇచ్చిన సమ్మతిని ఏడాది తర్వాత వెనక్కి తీసుకోవచ్చని, అప్పటికి వీడియో ఇతరుల ఫోన్లలో ఉండిపోవచ్చని కూడా దాపరికం లేకుండా చెప్పాలి. పద్ధతిగా చిన్న చిన్న వర్క్‌షాపులు, దగ్గరి పర్యవేక్షణలో నడిచే ప్రచారం వాళ్లకు తగినవి.

ప్రమాదం నిజంగా ఎక్కువగా ఉన్నచోట, అంటే పోస్ట్ పెట్టినందుకు అరెస్టో, దాడో జరగగల పరిస్థితిలో, చిన్న సమూహం, ముఖాముఖి, ఫొటోలు లేని శిక్షణ తప్ప ఇంకొకటి నేను సూచించను. నిధులిచ్చే సంస్థ హాజరు జాబితా, గ్రూపు ఫొటో అడిగితే ఎందుకు ఇవ్వలేమో ముందే రాసి పెట్టుకోవాలి. ఖాతా హ్యాకైనా, ఫోన్ స్వాధీనమైనా ఎవరిని సంప్రదించాలో శిక్షణలోనే తేలిపోవాలి. యాక్సెస్ నౌ సంస్థ పౌర సమాజ కార్యకర్తలకు 24 గంటలూ ఉచితంగా సాయం చేసే డిజిటల్ భద్రతా హెల్ప్‌లైన్ నడుపుతోంది. ఒక్కోసారి ఆ డిమాండ్‌ను ఆన్‌లైన్‌కు తీసుకురాకుండా ఉండడమే సరైన నిర్ణయం కావచ్చు, ఆ మాట చెప్పగలిగే ధైర్యం శిక్షకులకు ఉండాలి.

ఏ బృందమూ లేకుండా ఒంటరిగా నేర్చుకోవాలనుకునేవాళ్లు నెల రోజులు స్వయంగా చదువుకుని, తర్వాత ఇప్పటికే నడుస్తున్న ఎవరిదైనా ప్రచారంలో ఒక చిన్న పనికి చేరండి. వ్యాఖ్యలకు జవాబులివ్వడం, వీడియోలకు సబ్‌టైటిళ్లు రాయడం వంటి పనులకు మనుషులు ఎప్పుడూ కావాలి. సొంత పేజీ తెరవడం తర్వాతి సంగతి.

## ఒప్పుకునే ముందు శిక్షకులను అడగవలసినవి

మీరు స్వయంగా నడిపిన ప్రచారంలో విఫలమైనదాని గురించి చెప్పండని అడగండి. జవాబు తడుముకుంటే ఆలోచించుకోవచ్చు. మీ యువకుల డిమాండ్ తెలుసుకోకుండానే కార్యక్రమ పట్టిక పంపితే అది అందరికీ పంపే పట్టికేనని గ్రహించండి. శిక్షణలో తయారైన ఫొటోలు, వీడియోలు ఎవరివి, శిక్షణ సంస్థ తన ప్రచారానికి వాటిని వాడుకుంటుందా అన్నది కాగితం మీద ఉండాలి. ఖాతాలకు కనీసం ఇద్దరు అడ్మిన్లు ఉండేలా, పాస్‌వర్డ్ మార్చుకునే నంబరూ ఈమెయిలూ బృందానివే అయ్యేలా వాళ్ల కార్యక్రమంలో ఎక్కడ చోటుందో అడిగి చూడండి. అసలు ఆ ప్రశ్నే ఊహించనివాళ్లు చాలామంది ఉంటారు.

చివరగా తేదీల విషయం. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా, శిక్షణ ముగిసిన ఆరు వారాలకు అందరూ తిరిగి కలిసే ఒక పూటను మొదటి రోజే ఖాయం చేసి, దాని ఖర్చును కూడా మొదటి బడ్జెట్‌లోనే రాసుకోండి. తర్వాత చూద్దామని వదిలేసిన పునస్సమావేశం జరగడం నేను ఇంతవరకు చూడలేదు. ఆ పూటకు ఒక్కొక్కరు తీసుకురావలసింది ఒక్క కాగితమే: ఎవరిని అడిగాం, ఏం అడిగాం, ఏం జవాబు వచ్చింది. మూడో గడి ఖాళీగా ఉన్నా సరే, మొదటి రెండూ నిండి ఉంటే ఆ పూట మాట్లాడుకోవడానికి కావలసినంత ఉంటుంది.